ఎల్లవ్వ ముక్కు, నక్క మామ పెట్టె

నల్లగుట్ట కింద బీరయ్య మందలో ఎనభై గొర్రెలుండేవి. వాటికి ముందు నడిచేది మాత్రం ఒక ముసలి మేక. పేరు ఎల్లవ్వ. కాపరి బీరయ్య వెనక నుంచి ఎంత అదిలించినా, మంద పోయేది ఎల్లవ్వ పోయిన దారినే. కొత్త బీడు కనబడితే ఆమె ముందు పోయి, వాసన చూసి, ఒక ఆకు కొరికి, నమిలి, ఊసి, అప్పుడు తల ఊపేది. అంతదాకా ఎనభై నోళ్లూ మూసుకుని నిలబడాల్సిందే. ఈ పనికి ఆమెకు దక్కేది రాలిన తుమ్మకాయల్లో మొదటి వాటా.

ఎవరేమడిగినా ఆమె జవాబు ఒకటే. "తెల్వది బిడ్డా. పోయి చూసి చెప్త."

ఈ మాట మంద పెద్ద పొట్టేలు రాయుడికి అస్సలు గిట్టేది కాదు. "గింత వయసొచ్చింది, ఇంక తెల్వది తెల్వది అంటది," అని కొమ్ములు బండకేసి రాసేవాడు.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. మేత కోసం మంద రోజుకు రెండు గుట్టలు ఎక్కి దిగుతోంది. అలాంటప్పుడు ఒక పొద్దున నక్క మామ మెడలో ఒక పెట్టె వేలాడేసుకుని వచ్చాడు. మట్టి పరీక్షల వాళ్ల జీపులోంచి జారిపడ్డ పెట్టె అది. పగలు కాస్త ఎండ తగిలితే చాలు, రాత్రి కూడా మాట్లాడుతుంది.

"ఇదేంది మామా?" అన్నాడు రాయుడు.

"సర్వం తెలిసిన పెట్టె అల్లుడా. లోకంల ఎవడు ఏం చెప్పినా ఇని యాది పెట్టుకుంటది. అడుగు, నీ ఇష్టం."

"మా మందల ఎన్ని జీవాలున్నయి?"

"ఎనభై గొర్రెలు, ఒక మేక," అంది పెట్టె, తేనె పూసిన గొంతుతో. "ఇంకేమైనా తెలుసుకోవాలా?"

రాయుడి నోట్లో నెమరు ఆగిపోయింది. గొర్రెలకు ఏ గడ్డి మంచిదని అడిగితే పెట్టె పదహారు పేర్లు ఏకరువు పెట్టింది. ఒక్కసారి కూడా తెలియదనలేదు.

"గిది మాకిస్తె, నీకేమియ్యాలె మామా?"

"నాకేం గావాలె? ముసలిదాన్ని ఇంకెన్నేండ్లు ఎండల తిప్పుతరు? జాలేసింది, గంతే."

నక్కకు జాలేసిందంటే ఎవరైనా ఒకసారి ఆగి ఆలోచించాలి. కానీ గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందని పెద్దలు ఊరికే అనలేదు.

ఆ రోజు నుంచి పెట్టె రాయుడి కొమ్ముకెక్కింది. ఎల్లవ్వ మంద వెనక్కి పోయి కుంటి పిల్లలతో నడిచింది. తుమ్మకాయలు రాయుడే నమిలాడు. ఆమెకు చాలా బాధేసింది. తొమ్మిదేళ్లు ముందు నడిచిన మేకకు ఇంకొకరి దుమ్ము తినడం అలవాటు లేదు మరి.

నక్క అసలు ఎత్తు వేరు. వాగు అవతల కోసేసిన జొన్న చేను ఉంది. ఆ మోళ్లకు జానెడు పిలకలు పచ్చగా లేచాయి. వాన లేని ఏడు అలాంటి పిలకల్లో నాము ఉంటుంది. నాము అంటే విషమే. తిన్న జీవం చేను దాటదు. పోయినేడు ఒక దూడ అక్కడ పడితే నక్క మూడు రోజులు పండగ చేసుకున్నాడు. ఇప్పుడు ఎనభై గొర్రెలాయె.

ఒక సాయంత్రం వాడే రాయుణ్ణి ఎగదోశాడు. "వాగవతల జొన్న చేను ఉన్నది. నా మాటెందుకు, పెట్టెనే అడుగు."

"జొన్న మాకు మంచిదేనా?" అన్నాడు రాయుడు.

"చాలా మంచిది. బలమైన మేత," అంది పెట్టె.

నక్క మురిసిపోయాడు. ఇన్నేళ్ల బతుకులో అబద్ధం ఆడకుండా మోసం చేయడం వాడికి ఇదే మొదటిసారి.

"కొరికి చూడాలె బిడ్డా," అంది ఎల్లవ్వ వెనక నుంచి.

"నీ కొరుకుడు కాలం అయిపోయిందవ్వా," అన్నాడు రాయుడు. మంద మొత్తం నవ్వింది.

ఎల్లవ్వ నక్క మూతి నాక్కోవడం చూసింది. మంద పడుకునే వేళకు కొమ్మకు వేలాడుతున్న పెట్టె దగ్గరికి పోయి మర్యాదగా కూర్చుంది.

"పెట్టె అయ్యా, ఎవలు చెప్పినా యాది పెట్టుకుంటవట గదా?"

"అవును. చెప్పండి."

"వాగొడ్డు మీద రేగుపొద ఉన్నది. సల్లని నీడ. ఆడికి ఎవ్వరు రారు. దాక్కుంటె దేవునికి గూడ కనబడరు."

ఇదే మాట మూడుసార్లు చెప్పింది. "ధన్యవాదాలు. మంచి సమాచారం," అంది పెట్టె.

తెల్లారగానే నక్క వచ్చి పెట్టె చెవిలో గుసగుసలాడాడు. "చేను పక్కన దాక్కోనీకె జాగ యాడుంది?"

"వాగొడ్డున రేగుపొద. చల్లని నీడ. ఎవ్వరూ రారు."

గుట్ట అవతల కోడి ఈక కాలినా పసిగట్టే ముక్కు నక్కది. ఆ రోజు ఆ ముక్కుకు పని చెప్పకుండానే పొద వైపు నడిచాడు.

మంద చేను గట్టెక్కింది. ఎల్లవ్వ వెనక నుంచి పరుగెత్తుకొచ్చి రాయుడికి అడ్డం నిలబడింది.

"నోరు పెట్టే ముందు గా పెట్టెను నేనొక్క ముచ్చట అడుగుత."

"అడుగు. జల్ది."

"పెట్టె అయ్యా, ఇవి కోసిన మోడుకు లేసిన పిలకలు. జానెడే ఉన్నయి. నెలన్నర సంది సుక్క వానలేదు. తినొచ్చునా?"

"క్షమించండి, తినకూడదు. అలాంటి పిలకల్లో నాము ఉంటుంది. ప్రాణం పోతుంది."

రాయుడి మూతికీ పిలకకూ మధ్య బెత్తెడే దూరం. నాలుగు కాళ్లూ వెనక్కి వేశాడు.

"మరి నిన్న మంచిదంటివి?"

"మీరు జొన్న గురించి అడిగారు. పిలకల గురించి అడగలేదు."

"నాకు తెల్వకపోతె ఎట్లడుగుత?"

"చాలా మంచి ప్రశ్న," అంది పెట్టె.

అంతలో రేగుపొదలోంచి గావుకేక. బీరయ్య కుక్క నాలుగు రోజుల కింద ఆ పొదలోనే ఈనింది. ఆ పాలవాసన ఎల్లవ్వ ముక్కుకు మొన్ననే తగిలింది. పిల్లల తల్లి ఊరుకుంటుందా? నక్క బయటికి దూకాడు. తోక సగం కుక్క నోట్లో ఉండిపోయింది. మంద ముందు నుంచి పరుగెత్తుతూ పెట్టె మీద అరిచాడు.

"ఎవ్వరు రారంటివి గదనే! అండ్ల కుక్కున్నది!"

"క్షమించండి. మీరన్నది నిజమే. ఆ పొదలో కుక్క ఉంది," అంది పెట్టె, అదే తేనె గొంతుతో.

నక్క గుట్ట దాటేదాకా రాయుడు చూస్తూనే ఉన్నాడు. "అవ్వా, మామకు గా పొదల ఏం పని?"

"మనం పడుడు చూద్దామని కూసున్నడు బిడ్డా. జాలేసింది, గంతే."

రాయుడు తల దించుకున్నాడు. "తప్పయిందవ్వా. గీ పెట్టెను వాగుల పారేద్దామా?"

"ఎందుకురా? పొద్దుగూకితె జీవాలను మంచిగ లెక్కబెడ్తది. ఉండనీ. మందకు ముందు మాత్రం నడవనియ్యకు."

"మరి రేపు యాడికి పోదమవ్వా?"

"తెల్వది బిడ్డా. పోయి చూసి చెప్త."

ఈసారి ఎవరూ నవ్వలేదు. రాయుడు రాలిన తుమ్మకాయలన్నీ మూతితో దగ్గరికి తోసి, ఆమె ముందు పోశాడు.

నీతి: చెప్పేదానికి కడుపు లేనప్పుడు, తినేవాడే కొరికి చూసుకోవాలి.