కోయని పేజీలు

ఆ పుస్తకం దొరికిన దగ్గర్నుంచి విహారంలో కుర్ర భిక్షువు తిస్సకి కంటి మీద కునుకు లేదు.

ఆ చిన్న ద్వీపానికి స్వతంత్రం వచ్చిన మొదటి ఏడాది, కొత్త శాసనసభలో ఎవరేం మాట్లాడారో అచ్చేసి, విహారాలన్నిటికీ పంపారు. చాలావాటిని చెదలు తిన్నాయి, మిగిలినవి తుఫాన్లకి పోయాయి. ఇదొక్కటీ ఈ విహారం అటక మీద పాత గొంగట్లో బతికిపోయింది. అప్పట్లో పెద్ద కాగితాల మీద అచ్చేసి, మడిచి, అలాగే కుట్టేసేవాళ్లు. మడతల అంచులు చదివేవాళ్లే కోసుకోవాలి. దీన్ని మాత్రం ఎవరూ కోయలేదు.

మ్యూజియం ఆయన చూసి కళ్లకద్దుకున్నాడు. "కోయకుండా ఉండటమే దీని గొప్ప స్వామీ. సోమవారం వచ్చి తీసుకెళ్తాం. అద్దాల పెట్టెలో పెట్టి, కింద మీ పేరు రాయిస్తాం" అన్నాడు.

ఆ కబురు ఎలా తెలిసిందో, రేవు నుంచి సోమావతి అనే ముసలామె వచ్చింది.

"మా నాన్న పియదాస ఆ సభలో మెంబరు స్వామీ. లేచి మాట్లాడానని చెప్పేవాడు. ఊళ్లోవాళ్లు నమ్మలేదు. గురకపెట్టి పడుకుని వచ్చాడని ఇప్పటికీ నవ్వుతారు. నిజమేంటో కాస్త చూసి చెప్తావా?"

తిస్స విషయసూచిక చూశాడు. పియదాస పేరుంది. ఆ పేజీ మాత్రం మడత లోపల ఉంది.

"పేరుందమ్మా. అంతకంటే చూడ్డానికి కుదరదు. కోస్తే విలువ పోతుంది."

ఆమె అక్కణ్ణుంచి కదల్లేదు.

పక్కగదిలో తాటాకు విసనకర్ర బాగుచేసుకుంటున్న పెద్ద గురువు సుమేధ భంతే, చేతిలో వెదురుబద్దతో వచ్చి కూర్చున్నాడు.

"ఏ పేజీ?"

తిస్స చెప్పాడు. భంతే బద్దని మడతలో పెట్టి లాగాడు. కర్‌ర్‌మని తెగింది.

"భంతే! సోమవారం ఆయనొస్తే..."

"వస్తాడులే. చదువు."

తిస్స చదివాడు. "రేవు సభ్యుడు పియదాస: చీకట్లో పడవ తిప్పుకొచ్చేవాళ్లకి గట్టు కనపడదు. మా రేవు కొసన ఒక దీపం పెట్టించండి. నేను అడిగేది ఇంతే."

ఆగాడు.

"ఇంకేదో ఉన్నట్టుందే?" అంది సోమావతి.

"'సభలో నవ్వులు' అని ఉందమ్మా" అన్నాడు చిన్నగా.

ఆమె బోసినోటితో పకపకా నవ్వింది. "నవ్వితే నవ్వారు. దీపం పెట్టారుగా! రాత్రి మా మనవడు దాన్ని చూసుకునేగా ఒడ్డుకొచ్చాడు. అదెవరు అడిగి పెట్టించారో ఇన్నాళ్లూ మాలో ఒక్కరికీ తెలీదు స్వామీ."

కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఆ పేజీని వేలితో ఒక్కసారి తాకి, దణ్ణం పెట్టి వెళ్లిపోయింది.

తిస్స తెగిన అంచునే చూస్తూ కూర్చున్నాడు. "పాడైపోయింది కదా భంతే?"

భంతే వెదురుబద్ద అతని చేతిలో పెట్టాడు.

"మాట్లాడదామని లేచినవాళ్లు లోపల ఇంకా చాలామంది ఉన్నారు తిస్సా. ఎంతసేపని నిలబడతారు, పాపం?"