మూడువందలో మెట్టు

కొండ మీద ఒక తలుపు ఉంది. తలుపు దాకా మూడువందల మెట్లున్నాయి. ఆ తలుపు ఏడాదికి ఒక్కరోజే తెరుచుకుంటుంది.

ఇంతే అయితే చెప్పుకోడానికేముంది, కాళ్ళున్న ప్రతివాడూ ఎక్కేస్తాడు. కానీ ఆ మెట్లు మాట్లాడతాయి. కాలు పెట్టగానే ఒక్కో మెట్టూ ఒక్కో ప్రశ్న అడుగుతుంది. మూడుసార్లు అడుగుతుంది. మూడోసారికీ జవాబు రాకపోతే, కోప్పడకుండా, కసరకుండా, మెల్లిగా పక్కకి వంగుతుంది. నిలబడ్డవాళ్ళు పక్కనున్న పచ్చిక మీద జర్రున జారి, కిందున్న ఊళ్ళోకొచ్చి పడతారు. దెబ్బలేం తగలవు. పరువు మాత్రం కొంచెం గీరుకుపోతుంది.

లోపలికెళ్ళినవాళ్ళు మళ్ళీ ఇటు రారు, కొండకి అవతలివైపు దిగుతారు. అక్కణ్ణుంచి ఉత్తరాలు రాస్తారు. అక్కడ తాము చేసే పనుల గురించి, చూసిన వింతల గురించి పేజీలకి పేజీలు రాస్తారు. చివరి మెట్లు ఏమడిగాయో చెప్పండర్రా బాబూ అని ఇక్కణ్ణుంచి అడిగితే, "అదంతా ఇప్పుడెవరికి గుర్తుంది" అని జవాబొస్తుంది. చదివినవాళ్ళకి ఒళ్ళు మండిపోతుంది.

తలుపు ఎంతసేపు తెరిచి ఉంటుందో తెలియడానికి ఊరికి ఒకటే గుర్తు. ఆ రోజు తెల్లారగానే కొండ మీంచి పచ్చి కందికాయల తొక్కలు రాలడం మొదలవుతుంది. తొక్కలు ఆగిపోయాయంటే తలుపు మూసేసినట్టు. పైన ఒలుస్తున్నదెవరని ఎవరూ అడగలేదు. మేకలకి మాత్రం అది పెళ్ళిభోజనం.

ఆ ఊళ్ళో ఒక మాస్టారున్నాడు. పదహారేళ్ళప్పుడు రెండువందల తొంభై తొమ్మిదో మెట్టు దాకా ఎక్కినవాడు. అంతవరకూ వెళ్ళి జారినవాడు ఊళ్ళో ఇంకొకడు లేడు. ఆ మెట్టు అడిగింది తెలిసిన ప్రశ్నే. కానీ కుర్రాడు తల ఎత్తి చూశాడు, ఇంకొక్క మెట్టే కనపడింది, నోరు పిడచకట్టుకుపోయింది. జర్రున కింద పడ్డాడు.

మరుసటేడు మళ్ళీ ఎక్కొచ్చు, ఎవరూ వద్దనరు. "ఇంకొంచెం చదువుకుని వెళ్తాను" అన్నాడు. అలా ముప్పై ఏళ్ళు చదివాడు.

ఆ ముప్పై ఏళ్ళూ తలుపు రోజున కొండ కింద పచ్చిక అంచున నిలబడేవాడు, చేతిలో సుద్దముక్కా పలకా పట్టుకుని. పైనుంచి ఎవరు జారి పడ్డా, వాళ్ళు లేచి దుమ్ము దులుపుకునేలోపే ముందుకి వంగి, "ఎన్నో మెట్టు? ఏమడిగింది?" అనేవాడు. పాపం వాళ్ళు ఏడుస్తూనే చెప్పేవాళ్ళు. ఈయన రాసుకునేవాడు. అలా మెట్ల స్వభావాలన్నీ పట్టేశాడు. ఇరవయ్యోదానికి లెక్కల పిచ్చి. డెబ్భై రెండోది నత్తిగా మాట్లాడుతుంది కాబట్టి ప్రశ్న పూర్తయ్యేదాకా ఓపిక పట్టాలి. నూట నలభయ్యోది మంచిదే గానీ మాటల్లో పెట్టి తిప్పేస్తుంది.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. ఆయనకి తెలిసిందంతా పడినవాళ్ళు చెప్పింది. ఎక్కినవాళ్ళు చెప్పింది ఒక్క ముక్క లేదు. ఈ సంగతి ఆయనకీ తట్టలేదు, ఊరికీ తట్టలేదు.

ఆ ఏడు ఆయన ఊరిచివర మట్టిదిబ్బ మీద అచ్చం కొండ మీదున్నట్టే చెక్కమెట్లు కట్టించాడు. మెట్టుమెట్టుకీ దాని ప్రశ్నలు సుద్దతో రాశాడు. రెండువందల తొంభై తొమ్మిది దాకా బాగానే వచ్చింది. మూడువందలోది ఏమడుగుతుందో, అక్కడ ఏముంటుందో తెలిస్తేగా రాయడానికి. కాసేపు గడ్డం గోక్కుని, అక్కడొక ఇత్తడి గంట వేలాడదీశాడు.

ఊళ్ళో చురుకైన పిల్లల్ని ఏరి ఐదుగుర్ని తీసుకున్నాడు. కవలలిద్దరు, కళ్ళజోడు కుర్రాడు, పొడుగు పిల్ల, రెండు జడల పిల్ల. అందరికీ పదిహేనూ పదహారూ. ఐదుగురూ ఐదు చిచ్చుబుడ్లు. చెక్కమెట్లు ఇరుకు కాబట్టి ఒకరి తర్వాత ఒకరు ఎక్కాలి. పైకెళ్ళి గంట కొట్టాలి, గిర్రున తిరిగి పరిగెత్తుకుంటూ దిగిపోవాలి, అప్పుడు తర్వాతివాళ్ళు బయల్దేరాలి. మాస్టారు కింద కూర్చుని ఎక్కి దిగిన వేళ రాసుకునేవాడు. వెనకనుంచి ఎవరు పిలిచినా తల తిప్పకూడదని నియమం. అది అలవాటు కావడానికి ఆయనే కిందనుంచి గొంతు చించుకుని పేర్లు పెట్టి పిలిచేవాడు. మొదట్లో తిరిగేవాళ్ళు. నెల తిరిగేసరికి ఉరుము ఉరిమినా తిరగడం మానేశారు.

అబ్బ, ఆ పిల్లల హుషారు చూసి తీరాలి. కవలలు జవాబులు చెరిసగం పంచుకుని పాటలా పాడేవాళ్ళు. పొడుగు పిల్ల జామకాయ కొరుకుతూ ఎక్కేది. కళ్ళజోడు కుర్రాడు నిద్దట్లో కూడా జవాబులు చెప్తున్నాడని వాళ్ళమ్మ మాస్టారికి మొక్కజొన్న పొత్తులు పంపింది.

రెండు జడల పిల్లతోనే ఒక చిక్కు. అందరికంటే తెలివైంది. కానీ ఆగి అడిగేది.

"మాస్టారూ, మెట్లకి జవాబులు ముందే తెలుసు కదండీ. తెలిసినవి మళ్ళీ మమ్మల్నెందుకు అడుగుతాయి?"

మాస్టారు పలక మీంచి తలెత్తకుండానే, "ఇక్కడ అడిగేది మెట్లు తల్లీ. చెప్పేది మనం. నీ ప్రశ్నలు దాచుకో, పైకెళ్ళాక అడుగుదువుగాని" అన్నాడు.

ఆ పిల్ల సరేనంది. అడగలేని ప్రశ్నకొక ముడి చొప్పున జడ రిబ్బనుకి వేసుకుంది. ఏడాది తిరిగేసరికి రెండు రిబ్బన్లూ ముడులతో పొట్టివైపోయి జడలు చెవుల దగ్గరే ఆగిపోయాయి. వాళ్ళమ్మ కొత్త రిబ్బన్లు తెస్తానంటే ఒప్పుకునేది కాదు. ఈ ముడులు లోపల విప్పాలి, ఇవి పట్టుకుని లోపలికెళ్ళకపోతే నేనేమైపోతానో తెలీదమ్మా అనేది. ఆ పిల్లకి కావలసింది అంతే.

తలుపు రోజు వచ్చింది. తెల్లారగానే తొక్కలు రాలాయి, మేకలు పరిగెత్తాయి, ఊరంతా కొండ కింద చేరింది. బజ్జీల ఆవిడ పొయ్యి వెలిగించింది. తల్లులూ తండ్రులూ పలకలు పట్టుకుని నిలబడ్డారు, ఎందుకంటే ఇప్పుడది అందరికీ అలవాటైపోయింది.

కవలల్లో పెద్దవాడు మొదట బయల్దేరాడు. అసలు ఆ ఎక్కడం ఎక్కడమా, మెట్టు నోరు తెరిచేలోపే జవాబు వాడి నోట్లోంచి ఊడిపడుతోంది. డెబ్భై రెండోది నత్తిగా మొదలుపెట్టి, "పో నాయనా, నీకన్నీ తెలుసు" అని వదిలేసింది. జనం ఈలలు వేశారు. కుర్రాడు మలుపు తిరిగి మబ్బులో మాయమయ్యాడు.

కాసేపటికి మబ్బులోంచి బయటికొచ్చి, దిగేవాళ్ళని మెట్లేమీ అడగవు కాబట్టి, రెండేసి మెట్లు దూకుతూ కిందికొచ్చాడు.

"మాస్టారూ, ఎంత పట్టింది?"

"దిబ్బ మీదకంటే తక్కువ," అన్నాడు మాస్టారు ఆనందంగా. రాసుకున్నాడు. "తర్వాత ఎవరు?"

చిన్నవాడు వెళ్ళాడు, వచ్చాడు. కళ్ళజోడు కుర్రాడు వెళ్ళాడు, వచ్చాడు. పొడుగు పిల్ల జామకాయతో వెళ్ళింది, గింజలు ఉమ్ముతూ వచ్చింది. వచ్చినవాళ్ళకి వచ్చినట్టు మజ్జిగ ఇచ్చారు, భుజాలు తట్టారు. ఒక్కడు కూడా జారలేదు. ఊరి చరిత్రలో అలాంటి రోజు లేదు. మాస్టారికి నేల మీద కాలు నిలవడం లేదు. రెండు జడల పిల్ల కూడా బయల్దేరి, అప్పుడే నూరో మెట్టు దాటేసింది.

అప్పుడు బజ్జీల ఆవిడ వాయ తీస్తూ, పెద్దగా పట్టించుకోకుండా, "అవును గానీ మాస్టారూ, లోపలికెళ్ళాల్సిన పిల్లలు ఇక్కడ మజ్జిగ తాగుతున్నారేంటండీ?" అంది.

సుద్దముక్క మాస్టారి చేతిలోంచి కింద పడింది.

ఆయన నలుగురివైపూ చూశాడు. "పైన తలుపుందా?"

"ఉందండీ," అన్నాడు కళ్ళజోడు కుర్రాడు. "బార్లా తెరిచుంది. మూడువందలో మెట్టు ఏమీ అడగలేదు, గంటా లేదండీ, అందుకని తలుపు చెక్క మీద కొట్టి వచ్చేశాం."

మాస్టారు నెత్తి బాదుకోవడానికి కూడా ఆగలేదు. పైకి చూశాడు. రెండు జడల పిల్ల మబ్బుకి దగ్గరపడుతోంది. తొక్కలు పల్చబడ్డాయి. "అమ్మాయ్, ఆగు, తిరిగి రాకు, లోపలికెళ్ళు" అని అరిచాడు. ఆ పిల్ల తల తిప్పలేదు. ఎలా తిప్పుతుంది, ఏడాదిపాటు ఇదే గొంతు విని తిప్పకుండా ఉండటం నేర్చుకుంది. ఆ రోజు ఆ శిష్యురాలు ఎంత గొప్పగా తయారైందో చూసి ఆయనకి ఏడుపొచ్చింది.

పంచె ఎగ్గట్టి మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు.

"ఎవరూ, మాస్టారా?" అంది మొదటి మెట్టు. "ఎన్నాళ్ళకి."

"కబుర్లు తర్వాత, ప్రశ్న అడుగు," అన్నాడు.

ముప్పై ఏళ్ళు చదివిన చదువు ఊరికే పోలేదు. మోకాలు కలుక్కుమంటోంది గానీ జవాబులు జారుతున్నాయి. ఇరవయ్యోదానికి లెక్క చెప్పాడు. డెబ్భై రెండోదాని ప్రశ్న తనే పూర్తిచేసి జవాబిచ్చాడు. నూట నలభయ్యోదాని మాటల్లో పడకుండా తప్పించుకున్నాడు. రొప్పుతూ, రోజుతూ, మబ్బులోకి దూరి, అవతలికి తేలి, రెండువందల తొంభై తొమ్మిదో మెట్టు మీద నిలబడ్డాడు. మళ్ళీ అక్కడే. ఇంకొక్కటే మెట్టు.

పైన తలుపు బార్లా తెరిచుంది. గడప పక్కన ఒక ముసలవ్వ కాళ్ళు చాపుకుని కందికాయలు ఒలుస్తోంది. బుట్ట అడుగున గుప్పెడు కాయలున్నాయి. రెండు జడల పిల్ల గంట కోసం రాళ్ళ వెనకా, గోడ వెనకా వెతికి వెతికి, ఇక లాభం లేదని తలుపు చెక్క మీద ఒక్కటి కొట్టి, గిర్రున తిరిగి, సరాసరి మాస్టారి కడుపుకి గుద్దుకుంది.

కాలి కింద మెట్టు గొంతు సవరించుకుని ఏదో అడిగింది.

"మాస్టారూ, దారివ్వండి, వేళ మించిపోతోంది," అంది పిల్ల.

ఆయన ఆ పిల్ల భుజాలు పట్టుకుని తలుపువైపు తిప్పాడు. "కిందికి కాదు తల్లీ. లోపలికి."

"లోపలికా? అది మనం నేర్చుకోలేదు కదండీ. ఎలా వెళ్ళాలి?"

మెట్టు రెండోసారి అడిగింది. ముప్పై ఏళ్ళుగా ఆయన ఎదురుచూసిన గొంతు అది.

"నాకూ తెలీదమ్మా," అన్నాడు మాస్టారు. ఆ మాట ఆయన ఎవరితోనూ ఎప్పుడూ అనలేదు. అనగానే, ఏమిటో, ఒళ్ళంతా తేలికైపోయి నవ్వొచ్చింది.

 పిల్ల చెవి దగ్గర రిబ్బను ముట్టుకుంది. "పైకెళ్ళాక అడగమన్నారు కదా. ఇప్పుడు అడగనా?"

"అడుగు."

పిల్ల మొదటి ముడి విప్పింది. "అవ్వా, మెట్లకి జవాబులు ముందే తెలుసు కదా. తెలిసినవి మమ్మల్నెందుకు అడుగుతాయి?"

అవ్వ ఒలవడం ఆపింది. పిల్లని కిందనుంచి పైదాకా చూసింది. బోసినోరు విచ్చుకుంది.

"మేమూ ఇన్నాళ్ళనుంచీ అదే ఆలోచిస్తున్నామే. రా, లోపల కూర్చుని మాట్లాడుకుందాం," అని కాళ్ళు ముడుచుకుని దారిచ్చింది.

పిల్ల గడప మీద కాలు పెట్టి, చటుక్కున ఆగి, "అవ్వా, ఇంకా నలుగురున్నారు. కాస్త నెమ్మదిగా ఒలువు" అంది. తర్వాత లోపలినుంచి ఆ పిల్ల గొంతు వినపడింది, అడుగుతూ, దానిమీద ఇంకోటి అడుగుతూ. ఎవరెవరో నవ్వుతున్నారు. మాస్టారు ఆ గొంతే వింటూ నిలబడిపోయాడు. కళ్ళు నిండిపోయాయి.

మెట్టు మూడోసారి కూడా అడిగింది, పాపం. ఆగి చూసింది. మెల్లిగా పక్కకి వంగింది.

మాస్టారు పంచె గాలికి ఎగురుతుండగా, గట్టిగా నవ్వుతూ, పచ్చిక మీద జర్రున జారి, మేకల మధ్యనుంచి దూసుకొచ్చి, మజ్జిగ కుండ పక్కన ఆగాడు. లేవకుండానే నలుగురికీ చెయ్యి ఊపాడు.

"మళ్ళీ ఎక్కండి. నలుగురూ కలిసి. అక్కడ ఒక అవ్వ ఉంటుంది, మీకు తెలీనిదేదైనా అడగండి. తిరిగొచ్చారంటే కాళ్ళు విరగ్గొడతా."

"ఏం అడగాలండీ?" అన్నాడు కళ్ళజోడు కుర్రాడు, కంగారుగా.

"అదే అడుగు, పో."

ఏడాది సాధన ఊరికే పోతుందా. నలుగురూ బాణాల్లా దూసుకుపోయారు. మెట్లకి ఊపిరాడలేదు. ఒక తొక్క రాలింది. చాలాసేపటికి ఇంకొకటి రాలింది. అవ్వ నిజంగానే నెమ్మదిగా ఒలుస్తున్నట్టుంది. జనం ఊపిరి బిగబట్టి చూస్తుండగా నలుగురూ మబ్బులో కలిసిపోయారు. ఆఖరి తొక్క గిరగిరా తిరుగుతూ వచ్చి మాస్టారి ఒళ్ళో పడింది. ఎవరూ కిందికి రాలేదు.

అప్పుడు తల్లులూ తండ్రులూ పలకలు పట్టుకుని ఆయన చుట్టూ మూగారు. ఆయన లేచి దుమ్మైనా దులుపుకోలేదు. అందరికంటే ముందున్నాయన వంగి, సుద్దముక్క పలకకి ఆనించి, "మాస్టారూ, రెండువందల తొంభై తొమ్మిదేగా? ఈసారి ఏమడిగింది?" అన్నాడు.

మాస్టారు తొక్కని వేళ్ళమధ్య తిప్పుతూ కొండవైపు చూశాడు.

"ఏమోనయ్యా," అన్నాడు. "వినలేదు."