పెంచినవారి సగం

చెప్పేవారికి ఓపిక, వినేవారికి ఊకొట్టే తీరిక ఉన్న రోజుల్లో, ఒక ఊరికి గవరయ్య పెద్ద. తల్లి అచ్చమ్మను పశువుల పాకలో పడుకోబెట్టి, తిండి మాట మరిచాడు. అడిగినవారితో "తల్లిని పోషించాలని ఏ శాసనంలో ఉంది?" అనేవాడు.

ఒకనాడు సభకు ఒక తగవు వచ్చింది. ఒకరి దూడను మరొకరు మేపి పెద్దచేశారు, ఇప్పుడది ఎవరిది? "మన ఆచారం ప్రకారం పెంచినవారికి సగం," అని గవరయ్య తీర్పిచ్చాడు.

సభలో ఓ మూల కూర్చున్న అచ్చమ్మ మెల్లగా లేచింది. "నిన్ను పెంచింది నేనే కదా నాయనా. నా సగం నాకిప్పించు."

సభ నవ్వింది. గవరయ్య ఉక్రోషంతో, "ఏ సగం కావాలమ్మా, పైదా, కిందిదా?" అన్నాడు.

"నోరు నువ్వే ఉంచుకో. అన్నం పెట్టే చేతులు నాకు చాలు."

తన తీర్పును తానే కాదనలేక, గవరయ్య ఆ పూటే తల్లిని ఇంట్లోకి తీసుకువెళ్లి స్వయంగా వడ్డించాడు.

ఈ కథ నాకు మొదట చెప్పినది మా అమ్మమ్మ సీతారత్నం.