నూలు గంజి తాగిన చౌడక్క

"తప్పింది! మళ్లీ తప్పిందిరోయ్! చౌడి మళ్లీ పోగులు తప్పింది!"

ఆ కేక వీధి మొదట్లో పుట్టి చివరిదాకా దొర్లుకుంటూ పోయింది. ఒక్కొక్క మగ్గమే ఆగింది. ఒక్కొక్క తలే గుమ్మంలోంచి బయటికొచ్చింది. అరిచింది పరాయివాడు కాదు, చౌడక్క మొగుడు ఓబులేశే. చేతిలో తప్పిన పడుగు, కళ్లలో నిప్పులు. చౌడక్క ఆ పక్కనే చతికిలబడి ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి గానీ, చూపు ఎక్కడో కొండకవతల ఉన్నట్టుంది.

ఎప్పటి మాటంటారా? మీ తాత తాతకు ఇంకా పేరు పెట్టని రోజుల మాట. కొండలు ఇప్పటికంటే జానెడు పొడుగున్న రోజుల మాట. పోగులదిన్నె అని ఒక నేతగాళ్ల ఊరు. ఊరంటే ఒకటే వీధి. పొద్దున లేస్తే ఆ కొసనుంచి ఈ కొసదాకా మగ్గాల చప్పుడు. మగవాళ్లు మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని నేస్తారు. మరి మిగతా పనో? ఆడవాళ్లది. నూలు వడకాలి, ఆ దారం కండెలకు చుట్టాలి, ఆసు పోయాలి. ఆసు పోయడమంటే మగ్గం మీద నిలువునా ఉండే దారాలన్నీ, అదే పడుగు, ఒక్క పోగు తప్పకుండా లెక్కపెట్టుకుంటూ గుంజల చుట్టూ తిప్పడం. ఒక్క పోగు తప్పిందా, చీర మొత్తం వంకర.

ఆ ఊళ్లో తిండికి ఒక వరస ఉండేది. నూలు తాగాలి. మగ్గం, అంటే దాని మీద కూర్చునే మగవాడు, తినాలి. పిల్లలు తినాలి. ఆ తరవాత కుండలో ఏమన్నా ఉంటే ఆడది తినాలి.

నూలు తాగడమేమిటని నవ్వకండి. పడుగు గట్టిపడి తెగకుండా ఉండాలంటే గంజి పెట్టాలి. రాగిపిండి చిక్కగా కాచి, అందులో చారెడు నూనె పోసి, తెల్లారకముందే వీధి పొడుగునా పడుగు సాగదీసి కుంచెలతో పూస్తారు. మంచి రాగులు నూలుకే. మంచి నూనె నూలుకే. "మనకు కూడు పెట్టేది నూలు. దాని నోటిది దానికే" అనేవాళ్లు పెద్దలు. ఆ గంజి మనిషి ముడితే అపచారం. కుక్క మూతి పెడితే తోలేవాళ్లు. మనిషి మూతి పెడితే వీధిలోంచే తోలేసేవాళ్లు. అదండీ న్యాయం!

ఈ వరసలో అందరికంటే చివరన మన చౌడక్క. అత్త లింగమ్మ ఉంది, ఆడబిడ్డలున్నారు, చంకలో పాలు తాగే ఆడపిల్ల ఉంది. అందరూ అయ్యాక కుండ అడుగు గీరితే వచ్చిందే ఆమె భోజనం. పిల్లకు పాలివ్వాలి, నీళ్లు మోయాలి, ఆసు పోయాలి. ఒళ్లు ఏమవుతుంది?

ఒళ్లంతా ఎవరో బండకేసి ఉతికి పిండి ఆరేసినట్టుండేది. రాత్రంతా పడుకున్నా పొద్దున లేచేసరికి అలసటే. పొద్దెక్కేకొద్దీ తలలో పొగమంచు కమ్మేది. ఇరవై అనేది, ముప్పై అనేది, నలభై దగ్గరికొచ్చేసరికి "ముప్పై అన్నానా? ఇంకా అనలేదా?" అని ఆగిపోయేది. చేతిలో కండె పెట్టుకుని ఇల్లంతా కండె వెతికేది. వీధి ఊరుకుంటుందా? కునికిపాట్ల చౌడి అని పేరు పెట్టింది.

ఇదిగో, ఆ కేక వేసిన రోజున ఓబులేశు అందరి ముందూ ఒట్టు పెట్టాడు.

"రెండుసార్లయింది. ఇంకొక్కసారి తప్పావంటే నిన్ను మీ అమ్మగారింట్లో దిగబెట్టి వస్తా. పిల్ల మాత్రం ఇక్కడే ఉంటుంది."

చౌడక్క పిల్లను గుండెకు అదుముకుంది. సోమరిదన్నా పడింది, నిద్రమొహందన్నా పడింది. ఈ మాట మాత్రం లోపలికి దిగిపోయింది.

అప్పటికే లింగమ్మ మందులు మొదలుపెట్టించింది లెండి. నరసోజి అని ఒక సంచి వైద్యుడు. నెలకోసారి వీధిలోకి వచ్చేవాడు. గడ్డం నిమురుతూ నాడి పట్టేవాడు, కళ్లు మూసుకునేవాడు, "ఊఁ" అనేవాడు. ఆ "ఊఁ"కే సగం వీధి దణ్ణం పెట్టేది.

మొదటి నెల నల్ల లేహ్యం ఇచ్చాడు. "ఉసిరికాయంత మింగు. పులుపు మాత్రం ముట్టకూడదు." బెల్లం తీపికి మూడు రోజులు ఒళ్లు లేచింది. నాలుగో రోజు మళ్లీ కూలబడింది. కంచంలో పులుసు పోయింది.

రెండో నెల పసుపు చూర్ణం ఇచ్చాడు. "తేనెలో కలుపుకో. ఆకుకూర మాత్రం ముట్టకూడదు." తేనెకు మూడు రోజులు ఒళ్లు లేచింది. నాలుగో రోజు మళ్లీ కూలబడింది. కంచంలో ఆకుకూర పోయింది.

మూడో నెల, కేక వేసిన మర్నాడే, ఎర్ర మాత్రలు ఇచ్చాడు. "పూటకొకటి మింగు. మజ్జిగ మాత్రం ముట్టకూడదు."

చూశారా తమాషా? మందు ఒక చెంచా పెరిగినప్పుడల్లా కంచంలో ఒకటి తగ్గింది! తినకనే పడిపోతున్న మనిషికి తినొద్దనే వైద్యం! పైగా మందుకొక పంచె చొప్పున మడిచి సంచిలో పెట్టుకునేవాడు మహానుభావుడు.

మజ్జిగ కూడా పోతే ఇక మిగిలేది సంగటి మాడు, ఉప్పురాయి. చౌడక్క ఆ మాత్రల్ని కొంగున ముడేసుకుంది. మింగలేదు.

మర్నాటి నుంచి నెల్లాళ్లు తెల్లవారుజామున గంజి కాచే వంతు ఆమెది. మొదటి రోజు పొయ్యి ముందు కూర్చుని తెడ్డు తిప్పుతోంది. రాగి కమ్మదనం, పైన తేలే నూనె. కళ్ల ముందు చుక్కలు తిరిగాయి. తెడ్డు జారింది. మరుక్షణం ఏం చేసిందో ఆమెకే తెలీదు. ముంత నిండా గంజి ముంచి గటగటా తాగేసింది. ఉప్పు లేదు, కారం లేదు. గొంతు కాలింది. రెండో ముంత తాగింది. మూడో ముంత నెమ్మదిగా, రుచి చూస్తూ తాగింది.

తాగాక భయం పట్టుకుంది. అటు చూసింది, ఇటు చూసింది. గంజిలో నీళ్లు పోసి సర్దింది.

ఆ పూట ఆసు పోసింది. ఇరవై అంది. ముప్పై అంది. నలభై అంది. నూరు దాటింది! తలలో మంచు పూర్తిగా విడిపోయిందని కాదు, ఎవరో కిటికీ కాస్త తెరిచినట్టయింది. రెండో రోజూ తాగింది, లెక్క కుదిరింది. మూడో రోజూ తాగింది, లెక్క కుదిరింది. పక్షం తిరిగేసరికి నడుము నిలబడింది, పిల్లకు పాలు నిండాయి, పడుగు తప్పడమన్నది లేదు. ఓబులేశు పోగులు లెక్కపెట్టి లెక్కపెట్టి విసుగెత్తి మానేశాడు.

కథ ఇక్కడితో అయిపోయి ఉంటే చౌడక్క పేరు ఇవాళ ఎవరికి తెలిసేది?

నరసోజి మళ్లీ వచ్చాడు. చౌడక్కను చూశాడు. గడ్డం నిమురుకున్నాడు. వీధి మధ్యలో నిలబడి గొంతెత్తాడు.

"చూడండమ్మా చూడండి! కునికిపాట్ల చౌడి లేడిలా తిరుగుతోంది! ఎవరి మహిమ? ఎర్ర మాత్ర మహిమ! కళ్లు తిరిగేవాళ్లు, తల బరువయ్యేవాళ్లు, పగలు కునుకొచ్చేవాళ్లు, అందరూ రండి!"

ఎవరు రాలేదని అడగండి! వీధిలో ఆడది అన్నది మిగల్లేదు. అందరికీ కళ్లు తిరుగుతున్నాయి, అందరికీ తల బరువే. ఇన్నాళ్లూ ఎవరికి వాళ్లు దాచుకున్నారు, అంతే. చేతుల్లో పంచెలతో వరసకట్టారు. "పూటకొకటి మింగండి. మజ్జిగ మాత్రం ముట్టకూడదు" అని మొదలెట్టాడు నరసోజి.

చౌడక్క గుమ్మంలో నిలబడి చూస్తోంది. నోరు మూసుకుంటే ఆమెకు ఏ గొడవా లేదు. నోరు తెరిచిందా, గంజి దొంగ. పుట్టింటికి తోలతారు. పిల్ల ఇక్కడే ఉండిపోతుంది. నోరు మూసుకుందామనే అనుకుంది. కానీ వరసలో చివర పక్కింటి నిండు చూలాలు, ఎండుకట్టెలాంటి మనిషి, మజ్జిగ మానేస్తానని తలూపింది.

"ఆగండే!" అని దూకింది చౌడక్క. కొంగు ముడి విప్పి మాత్రలన్నీ మట్టిలో పోసింది. "లెక్కపెట్టుకో సామీ. ఇచ్చినవి ఇచ్చినట్టే ఉన్నాయి. నేను మింగింది మాత్ర కాదు. నూలు గంజి తాగాను. నెల రోజులుగా తాగుతున్నాను."

ఆ మాటకు మగవాళ్లంతా మగ్గాలు వదిలి వచ్చారు. వీధిపెద్ద గంగిశెట్టి కర్ర నేలకేసి కొట్టాడు.

"నూలు నోటిది తాగావా? ఎంత కండకావరం!"

"కండే ఉంటే ఇంకేం పెద్దయ్యా! ఒక్క మాట చెప్పు. పడుగు నీరసపడి తెగితే ఏం చేస్తాం?"

"గంజి పెడతాం."

"లేహ్యం పూయమా?"

"పడుక్కి ఎవడన్నా లేహ్యం పూస్తాడా పిచ్చిదానా!"

"మళ్లీ తెగితే?"

"మళ్లీ గంజి పెడతాం."

"మూడోసారి తెగితే?"

"గంజి చాల్లేదని ఇంకా చిక్కగా పెడతాం."

"సోమరి పోగు అని తిట్టరా? పుట్టింటికి తోలరా?"

వెనకనుంచి ఎవత్తో కిసుక్కుమంది. గంగిశెట్టి అటు ఉరిమి చూశాడు. చౌడక్క ఆగలేదు. మొగుడి వైపు తిరిగింది.

"ఏమయ్యా, నేను తింటుంటే నువ్వెప్పుడన్నా చూశావా?"

ఓబులేశు నోరు తెరిచాడు. గుర్తు తెచ్చుకున్నాడు. నోరు మూశాడు.

"అత్తా, నువ్వు చూశావా?"

లింగమ్మ తల దించుకుంది.

"పెద్దయ్యా, మీ ఇంట్లో మా గౌరత్త తింటుంటే నువ్వు చూశావా? పెళ్లయి ఎన్నేళ్లు?"

గంగిశెట్టి పెళ్లాం కేసి చూశాడు. ఆమె ఇంకో వైపు చూస్తోంది.

చౌడక్క నరసోజితో అంది. "నీ మందు మంచిదే కావచ్చు సామీ. రోగమొస్తే నీ కాళ్లు పట్టుకునైనా తెచ్చుకుంటాం. ఆకలికి మాత్రలెందుకిస్తావు? నాడి పట్టినప్పుడు పొద్దున ఏం తిన్నావమ్మా అని ఒక్కసారైనా అడిగావా?"

నరసోజి సంచి మూతి బిగించుకున్నాడు. "ఎండ ముదురుతోంది" అని సణిగి నడక సాగించాడు.

ఇంత జరిగాక పెద్దాయన ఏమనాలి? తప్పయింది తల్లీ అనాలి కదా? అనలేదు! పరువు అడ్డొచ్చింది. "కట్టు తప్పింది. పొద్దు వాలేలోగా దీన్ని పుట్టింటికి పంపాలి. పిల్ల ఇక్కడే" అనేసి, భోజనాల వేళయిందని లేచిపోయాడు. మగవాళ్లంతా ఎవరిళ్లకు వాళ్లు పోయి కంచాల ముందు కూర్చున్నారు.

కూర్చునే ఉన్నారు. వడ్డించేవాళ్లు రాలేదు.

లింగమ్మ పొయ్యి మీది సంగటి కుండ దించింది. పప్పు గిన్నె, మజ్జిగ ముంత చంకనెట్టుకుంది. కొడుకు ముందునుంచే నడుచుకుంటూ వీధిలోకొచ్చి, కోడలిని రెక్క పట్టి కూర్చోబెట్టి, తానూ పక్కన కూర్చుంది.

"అమ్మా, ఇదేం పని?" అన్నాడు ఓబులేశు.

"నలభై ఏళ్లు నేను తింటుంటే ఎవరూ చూళ్లేదుగా! నా కళ్లు తిరిగితే మా అత్త నన్ను తిట్టింది. దీని కళ్లు తిరిగితే నేను దీన్ని తిట్టాను. ఇవాళ చూడు. కళ్లారా చూడు." అంటూ ముద్ద చేసి కోడలి చేతిలో పెట్టింది.

ఆ వెనకే గౌరత్త కుండతో వచ్చింది. ఆ వెనకే నిండు చూలాలు వచ్చింది. ఒక్కొక్కరే వీధంతా వచ్చేశారు. నడివీధిలో, ఎండలో, మొగుళ్ల కళ్లెదుట కడుపునిండా తిన్నారు. రెండోసారి వడ్డించుకున్నారు. మూడోసారి మజ్జిగ పోసుకున్నారు. త్రేన్చినవాళ్లు కూడా ఉన్నారట!

మగవాళ్లు ఖాళీ కడుపులతోనే మగ్గమెక్కారు. పౌరుషం మరి! జాము తిరగలేదు, ఒకడి చేతిలోంచి నాడె, అదే అడ్డపోగును అటూ ఇటూ విసిరేది, జారింది. ఇంకొకడు పేక, అదే అడ్డపోగు, తప్పాడు. గంగిశెట్టి మగ్గం మీదే తల వాల్చి గురక పెట్టాడు. గౌరత్త వెళ్లి తట్టి లేపింది.

"ఏంటి కునుకు? లేహ్యం తెప్పించమంటావా?"

ఒక్క పూటకే! ఒక్కటంటే ఒక్క పూట తిండి తప్పినందుకే! ఆయన లేచి వీధిలోకొచ్చాడు. తరవాత చౌడక్కతో, "అమ్మాయ్, కుండలో ఇంకేమన్నా ఉందా?" అన్నాడు.

"ఉంది పెద్దయ్యా. పక్కకు జరుగుతాం, కూర్చో."

చౌడక్కను ఎవరూ పంపలేదు. పిల్లను ఎవరూ లాక్కోలేదు. ఆమె ఆ వీధిలోనే ముసలిదైంది. మనవరాళ్లకు ఆసు నేర్పి, ఒక్క పోగు తప్పకుండా పోసి, ఒక ఎండాకాలం కన్నుమూసింది. ఆమెకు రాయి పాతలేదు, గుడి కట్టలేదు. అంత గొప్ప మనిషి కాదు మరి, కండెలు చుట్టుకునే ఆవిడ.

అయితే పోగులదిన్నెలో ఇప్పటికీ గంజి కాస్తే మొదటి ముంత కాచినావిడ తాగాలి, ఆ తరవాతే నూలు. మందులమ్మేవాడు ఎవడొచ్చినా ముందు ఆడవాళ్లు అడిగేది, "ఇది తింటే మా కంచంలోంచి ఏం తీసేస్తావయ్యా?" అని. ఇక అన్నం వేళ చూడాలి. అందరి కంచాల్లో వడ్డన అయిపోతుంది. ఎవరూ ముద్ద కలపరు. ఇంట్లో పెద్దవాడు గట్టిగా అడుగుతాడు:

"చౌడక్క కూర్చుందా?"

వండిన మనిషి, ఎవరైతేనేం, చెయ్యి కడుక్కుని, పీట లాక్కుని, కంచం ముందు పెట్టుకుని, "కూర్చుంది" అంటుంది. నిలబడి అంటే చెల్లదు. ఆమె కూర్చున్నాకే అందరూ దగ్గరగా జరిగి, ఒక్కసారే ముద్ద కలిపి తింటారు.