నీళ్ల విద్యకు పేరు దొరికిన కథ

ఏ కాలం మాటో పెద్దలే చెప్పలేరు గానీ, రేగడిసీమ అనే రాజ్యం ఒకటి ఉండేది. అక్కడ మూడేళ్లుగా వానల్లేవు. జనం ఎక్కడబడితే అక్కడ బావులు తవ్వారు. రాయి తగిలింది గానీ నీరు తగల్లేదు.

ఆ రాజ్యంలో హైమవతి అనే విదుషి ఉండేది. మట్టి రంగు, రాళ్ల వాలు, చెట్ల వేళ్లు ఏళ్ల తరబడి పరిశీలించి, భూమి లోపల నీరు ఏ దారిన పోతుందో కనిపెట్టింది. ఆ మాట విని రాజు రణధీరుడు సింహాసనం మీంచి లేచి నిలబడ్డాడు.

"భేష్! పాఠశాల తెరుద్దాం! బావులు తవ్వేవాళ్లంతా వచ్చి నేర్చుకోవాలి. మరి ఈ విద్యకు పేరేమిటి?"

"తమ పేరే ప్రభూ! రణధీర శాస్త్రం!" అన్నాడు మంత్రి.

దండోరా వేశారు. మర్నాడు పాఠశాల వాకిట ఒకటే గోల! పేరు విని అదేదో యుద్ధవిద్య అనుకుని కత్తులు తిప్పుతూ యోధులు, తొడలు చరుస్తూ మల్లులు వచ్చారు. పలుగు పట్టినవాడు ఒక్కడూ రాలేదు.

ఆస్థాన పండితుడు గొంతు సవరించుకున్నాడు. "అధోభూతలజలసంచారమీమాంస అందాం ప్రభూ!"

దండోరా వేసేవాడికి సగంలోనే దగ్గొచ్చింది. ఏదో యజ్ఞమనుకుని జనం నేతికుండలు మోసుకొచ్చారు. ఈలోగా మరో ఏడు ఊళ్లలో బావులు ఎండిపోయాయి.

"హైమవతీ! నీ విద్య ఎవరికీ పట్టలేదేం?" రాజు కళ్లెర్రజేశాడు.

 అయినా హైమవతి ఉన్నమాట చెప్పింది.

"మన్నించాలి ప్రభూ! తప్పు విద్యది కాదు, పేరుది. మొదటి పేరు తమను పొగిడింది. రెండోది పండితుల గొప్ప చాటింది. దాహంతో ఉన్నవాడికి నీళ్ల కబురు రెండింటిలో ఏదీ చెప్పలేదు."

  రాజు కోపం మరిచి పకపకా నవ్వాడు.

"నిజమే! అయితే నువ్వే పెట్టు!"

"బావిలో నీరు చిమ్మగానే తవ్వేవాళ్లు 'ఊట! ఊట!' అని కేక వేస్తారు ప్రభూ. ఇది ఊట శాస్త్రం."

మూడోసారి దండోరా మోగింది. అంతే! పలుగులూ పారలూ భుజాన వేసుకుని వందలమంది పరుగెత్తుకొచ్చారు. వాళ్లలో బావులు తవ్వే మారెమ్మ అవ్వ హైమవతి ముందు నిలబడింది.

"తల్లీ, ఊట సంగతంటే నాకూ కొంత తెలుసు. మేడిచెట్టు పక్కన పుట్ట ఉంటే నీళ్లు మరీ లోతున ఉండవు."

హైమవతి గబగబా రాసుకుంది. ఇద్దరూ కలిసి చోటు చూపించారు. అందరూ తవ్వారు. మూడు నిలువుల లోతున మట్టి చెమ్మగిల్లింది, బుడబుడమంది, తెల్లగా నీరు ఎగజిమ్మింది! పిల్లలు గంతులేశారు. రాజు పట్టుబట్టలు తడుస్తున్నా దోసిలి పట్టి తాగాడు. ఆ ఎండాకాలంలోనే రాజ్యంలో నలభై బావులు నిండాయి.

విద్యకు పెట్టే పేరు ఎవరి గొప్పనో చాటేదిగా కాదు, అవసరమున్నవాడికి దారి చూపేదిగా ఉండాలి.