కల్లు మండువకు గోడలు ఎందుకు లేవంటే

ఒకప్పుడు కల్లు మండువ ఇప్పటిలా చెట్ల కింద ఆరుబయట ఉండేది కాదు. నాలుగు మట్టిగోడల గుడిసె, దానికి ఒక్కటే ద్వారం. తాగేవాళ్ళు వంగి లోపలికి వచ్చి, తలా ఒక ముంత తీసుకుని, గోడ వైపు తిరిగి కూర్చునేవాళ్ళు. తాగి, మూతి తుడుచుకుని వెళ్ళిపోయేవాళ్ళు. పక్కన ఉన్నది మనిషో మూటో కూడా చూసేవాళ్ళు కాదు.

అప్పట్లో తాటాకు కూడా వేరే. అరటాకులా వెడల్పుగా, మెత్తగా పరుచుకుని ఉండేది. ఎండపూట దాని నీడకు మేకలు వచ్చేవి, వాటి వెనకే పిల్లలు వచ్చేవాళ్ళు. తాటిచెట్టుకు అదే పండగ.

ఆ మండువ నడిపేది పోశాలు. చెట్టెక్కి కల్లు గీసేదీ అతనే. భార్య లచ్చవ్వ ఉన్నన్నాళ్ళూ చెట్టు కింద నిలబడి, "పైలం, మెల్లగ దిగు" అని కేకేసేది. ఆమె పోయాక కిందనుంచి ఏ మాటా రాలేదు. గుడిసె నిండా జనమే, పోశాలును పలకరించే దిక్కు మాత్రం లేదు. ఇంటికి పోతే పొయ్యి కూడా చల్లగా ఉండేది. పాపం, అతనికి బతుకంతా బోసిపోయింది.

ఒక సాయంత్రం పోశాలు చెట్టెక్కి, కల్లు లొట్టి పక్కన మట్టల మధ్య కూర్చుండిపోయాడు.

"పొద్దుగూకుతోంది, దిగవా?" అంది తాటిచెట్టు.

"దిగి ఏం జెయ్యాలె? కింద నాకెవరున్నరు? ఈడ్నే ఉంట. చెయ్యి జారితే జారుతది."

చెట్టు గాలిని పిలిచి, "ఆ గోడలు పడగొట్టవా, తాగేవాళ్ళు అప్పుడైనా ఇతని వైపు చూస్తారు" అని బతిమాలింది.

"పడగొడతా. అయినా వీళ్ళు ముంత చేత పట్టుకుని తలా ఒక దిక్కుకు పోతారు" అంది గాలి.

"అయితే ముంతలూ పగలగొట్టు. తాగడానికి నా ఆకు మడిచి ఇస్తా."

"పిచ్చిదానా, ఆకు మడిస్తే నీ నీడ పోతుంది. నీ దగ్గరికి మేకపిల్ల కూడా రాదు."

తాటిచెట్టు తన నీడ వైపు ఒకసారి చూసుకుంది. చివరికి, "పోతే పోనీ" అంది.

గుడిసెలోకి ఇంకా ఎవరూ రాలేదు. గాలి చెట్టును తాకకుండా గుడిసెను విసిరికొట్టింది. గోడలు కూలాయి, ముంతలు పెంకులయ్యాయి. తాగడానికి అప్పుడే వచ్చినవాళ్ళు నోరెళ్ళబెట్టారు. అంతలో మడతలు మడతలుగా తాటాకులు వాళ్ళ ముందు పడ్డాయి. ఒకడు ఒక ఆకును దొప్పలా వంచి రేక చేసి చూశాడు. కల్లు పడుతుంది గానీ కింద పెడితే ఒరిగిపోతుంది. రెండు చేతులా పట్టుకునే ఉండాలి. మరి పోసేదెవరు?

అతను మొదటిసారి పక్కకు తిరిగాడు. "అన్నా, జర నువ్వు పోస్తవా?"

"పోస్త గని, కల్లేది? పోశాలన్న యాడున్నడు?"

అందరూ తలలెత్తారు. మట్టల మధ్య మనిషి కనబడ్డాడు.

"ఓ పోశాలన్నా, దిగిరా. నీకు గూడ రేక మడిచినం. నువ్వు రాంది మేం తాగం."

పోశాలు కళ్ళు తుడుచుకుంటూ దిగాడు. తన మండువలో తాను ఒకరి పక్కన కూర్చోవడం అతనికి అదే మొదలు.

అప్పటినుంచే కల్లు మండువకు గోడలు లేవు. రేకలో తాగేవాడికి మరొకడు పోయాల్సిందే, ఇద్దరూ ఎదురెదురుగా కూర్చోవాల్సిందే. అప్పటినుంచే తాటాకుకు మడతలు వచ్చాయి, తాటిచెట్టు కింద నిలిచేంత నీడ లేకుండా పోయింది. సాయంత్రమైతే కింద ఒకటే మాటలు. పైన తాటిచెట్టు ఒక్కతే నిలబడి వింటూ ఉంటుంది.