మూడు చుక్కల బాడిశ

సాలూరులో సన్యాసయ్యగారి దగ్గర తత్వాలు నేర్చుకునేవాళ్ళం పదిమందిమి ఉండేవాళ్ళం. శిష్యుడు ఏదైనా అడిగితే ఆయన ఔననీ అనేవారు కాదు, కాదనీ అనేవారు కాదు. తమ ఎరికలో ఎవరికో జరిగిన సంగతి ఒకటి చెప్పి ఊరుకునేవారు. అర్థమైందా అని తిరిగి అడిగే అలవాటు కూడా లేదు.

ఒక ఆదివారం పొద్దున్న కూర్మారావు అడిగాడు. మాలో బాగా చదువుకున్నవాడు అతను. ఏ తత్వం ఎవరు కట్టారో తెలుసుకోవాలని మూడేళ్ళుగా ఊరూరా తిరిగి నోటుపుస్తకాలు నింపుతున్నాడు. ఆమధ్య విసుగు పుట్టినట్టుంది.

"గురువుగారూ, పాట మంచిదైతే పాడుకుంటాం. కట్టినవారు ఎవరైతే మనకేం? ఆ పేరు కోసం తిరగడం దండగేనేమో అనిపిస్తోంది."

సన్యాసయ్యగారు నవ్వారు. "మా దాలినాయుడు మేష్టారి సంగతి మీకు చెప్పలేదు కదూ?" అని మొదలుపెట్టారు. ఆయన చెప్పింది నాకు గుర్తున్నంతవరకూ ఇది.

దాలినాయుడు మేష్టారు బొబ్బిలి దగ్గర ఒక హైస్కూల్లో పిల్లలకు వడ్రంగం నేర్పేవారు. పదవీ విరమణ అయ్యాక ఆయనకు పాత పనిముట్ల పిచ్చి పట్టింది. ఉలులు, చెక్కను చెక్కే బాడిశలు, చిత్రికలు, రంపాలు, చేత్తో తిప్పే బర్మాలు ఎక్కడ కనబడినా తెచ్చేవారు. సంతల్లో, పాత ఇనప కొట్లలో, పాడుపడిన ఎడ్లబళ్ళ సాలల్లో ఆయన చెయ్యి పెట్టని మూల లేదు. తెచ్చినదాన్ని తుడిచి, నూనె రాసి, పిడి చూసి, ఏ కాలంనాటిదో కాగితం మీద రాసి గోడకు తగిలించేవారు. ఇంటికొచ్చిన చుట్టం కుర్చీలో కూర్చోవాలంటే ముందు ఒక రంపాన్ని పక్కకు జరపాలి. మేష్టారి భార్య చుట్టాలకు ఆ మాట గుమ్మంలోనే చెప్పేసేది.

ఆ పనిముట్లలో ఏడింటి మీద ఒకే గుర్తు ఉండేది. చిన్న చంద్రవంక, దాని కింద మూడు చుక్కలు. నాలుగు బాడిశలు, మూడు ఉలులు. ఏడూ వేర్వేరు చోట్ల దొరికినవే. వాటిలో ఏ ఒక్కదాన్ని చేత్తో పట్టుకున్నా బరువు సరిగ్గా ఎక్కడుండాలో అక్కడే ఉండేది. ఒక బాడిశ మాత్రం అంచు పెచ్చులూడి ఉంది. మిగిలినవి అరవై ఏళ్ళ తర్వాత కూడా వెంట్రుకను కోసేస్తాయి.

ఇంత పనివాడు ఎవరు? మేష్టారికి నిద్ర పట్టనిచ్చిన ప్రశ్న కాదది. కనబడిన ప్రతి వడ్రంగినీ, ప్రతి కమ్మరినీ అడిగారు. నాలుగేళ్ళు తిరిగాక, పార్వతీపురం వెళ్ళే దారిలో బండి చక్రాలు చేసే ఎర్రన్న అనే ముసలాయన ఆ గుర్తును బొటనవేలితో తడిమి చూసి, "ఇది గుమ్మిడివలస కొలిమి పని. అప్పలాచారి చెయ్యి. మా అయ్య ఆ బాడిశ కోసం రెండు నెలలు కాసుకున్నాడు" అన్నాడు.

మేష్టారు పొంగిపోయారు. ఏడు పనిముట్లూ సంచిలో సర్దుకుని, తోడు రమ్మని సన్యాసయ్యగారిని కూడా బస్సెక్కించారు.

గుమ్మిడివలసలో అప్పలాచారి లేడు. పోయి ముప్పై ఏళ్ళయింది. ఆయన కొడుకు ఈశ్వరరావు ఇంటి ముందే గేట్లు, గ్రిల్లులు వెల్డింగు చేసే కొట్టు నడుపుతున్నాడు. వచ్చిన పని చెప్పగానే అతను సంతోషం పట్టలేకపోయాడు. లోపలికి తీసుకెళ్ళి చాప పరిచి, తల్లిని పిలిచాడు. ఆవిడ పేరు పారమ్మ. ఎనభై దాటి ఉంటాయి. సన్నగా, నిటారుగా ఉంది.

మేష్టారు ఏడింటినీ చాప మీద వరసగా పేర్చి, అప్పలాచారి పనితనాన్ని పొగడడం మొదలుపెట్టారు. ఇలాంటి చెయ్యి ఈ జిల్లాలోనే లేదన్నారు. బొబ్బిలి గ్రంథాలయంలో అందరికీ చూపించి, కింద ఆయన పేరు పెద్దక్షరాలతో రాయిస్తానన్నారు. కొడుకు కళ్ళు తుడుచుకున్నాడు. పారమ్మ గోడకు ఆనుకుని వింటూ, "అవును బాబూ, ఆయన పేరు అంత గొప్పదే" అంది.

పొగడ్త అయ్యాక మేష్టారు ఆ పెచ్చులూడిన బాడిశను చేతిలోకి తీసుకుని సరదాగా, "ఇదొక్కటి మాత్రం పెళుసు. అప్పలాచారిగారు ఆరోజు ఏ ధ్యాసలో ఉన్నారో మరి!" అన్నారు.

పారమ్మ చటుక్కున ముందుకు వచ్చి కూర్చుంది.

"ఆయన్నేటీ అనకండి బాబూ. ఆ తప్పు నాది."

ఎవరికీ అర్థం కాలేదు. ఆవిడ బాడిశ కోసం చెయ్యి చాచింది. చీర చెంగు జారి ముంజేయి బయటపడింది. ఆ చేతి మీద పచ్చబొట్టు. చిన్న చంద్రవంక, దాని కింద మూడు చుక్కలు. మేష్టారు ఆ చేతికేసి చూశారు, బాడిశకేసి చూశారు.

ఆవిడే చెప్పింది. పెళ్ళయిన మూడో ఏడు బండి చక్రానికి ఇనపపట్టా ఎక్కిస్తుంటే జారి, అప్పలాచారి కుడి మణికట్టు నలిగిపోయింది. ఆ చెయ్యి మళ్ళీ సుత్తి పట్టలేదు. బయటివాళ్ళకు మాత్రం నయమైందనే చెప్పారు. ఆడది కొట్టిన బాడిశ అంటే ఆ రోజుల్లో ఎవరూ ముట్టరు. అందుకని కొలిమి తలుపు వేసుకుని ఆయన గాలి కొట్టే తిత్తి దగ్గర కూర్చునేవాడు, ఈవిడ సుత్తి పట్టేది. ఎర్రదనం ఎంతుండాలో, దెబ్బ ఎక్కడ పడాలో ఆయన నోటితో చెప్పేవాడు. ఏడాది తిరిగేసరికి చెప్పాల్సిన అవసరం పోయింది. ఇనుము ఏమంటోందో ఆవిడకే వినబడేది. బయట జనం దెబ్బలు విని, అప్పలాచారి ఏకాగ్రత కోసం తలుపేసుకున్నాడని చెప్పుకునేవారు.

"మరి ఈ గుర్తు?" అన్నారు మేష్టారు.

"ఆయనే సెక్కినాడు. ఎడం సేత్తో పదకొండు రోజులు కూకుని ఆ అచ్చు సేసినాడు. నా సెయ్యి ఒళ్ళో ఎట్టుకుని, సూసి సూసి సెక్కినాడు. ఎందుకయ్యా ఇదంతా అంటే, 'జనానికి నా పేరు సెప్పుకుందుము గానీ, ఇనుముకి అబద్ధం సెప్పకూడదే' అన్నాడు."

అంటూనే నవ్వింది. ఈశ్వరరావు తల్లిని కొత్తగా చూస్తున్నాడు. చిన్నప్పుడు ఆ మూసిన తలుపు అవతల ఆడుకున్నవాడే అతను.

"పొగిడినంతసేపూ ఎందుకమ్మా చెప్పలేదు?" అన్నాడు.

"పొగడ్త ఆయనకెల్తే నాకేటి పోయింది? తప్పు ఆయన మీదకెల్తే ఎలా ఊరుకోను?"

ఆ తరవాత ఆవిడ ధ్యాసంతా బాడిశ మీదే నిలిచింది. గోటితో మీటి చెవి దగ్గర పెట్టుకుంది. కాలిన ఇనుమును ముంచినప్పుడు నీరు ఎక్కువ పట్టిందని, అప్పుడు ఇంట్లో పసిబిడ్డకు జ్వరమని, తొందరపడ్డానని చెప్పింది. "ఆ జ్వరం ఈడిదే" అని కొడుకును చూపించింది. ఇన్నేళ్ళు ఈ పెళుసు బాడిశతో ఏ వడ్రంగి ఎంత తిట్టుకున్నాడో అని బాధపడింది. ఆపైన లేచి చెంగు నడుముకు దోపి, "మల్లీ కాల్చీసి సరిసేసిస్తాను బాబూ. ఇలాగే తీసుకెల్లిపోకు" అంది.

మేష్టారు గబుక్కున బాడిశను వెనక్కి అందుకున్నారు. అరవై ఏళ్ళ ఇనుము. దాని మీద పట్టిన నలుపు నిప్పులో పెడితే ఇక తిరిగి రాదు. ఆ నలుపును కాపాడడానికే కదా ఆయన రోజూ నూనె రాసింది.

"అమ్మా, దాని పాతదనం పోతుందేమో..." అని నసిగారు.

"పాతదనానికి నానున్నాను కదా బాబూ, దానికెందుకు?"

ముందు నవ్వింది సన్యాసయ్యగారు. తరవాత ఈశ్వరరావు. మేష్టారు కూడా నవ్వకుండా ఉండలేకపోయారు. నవ్వుతూనే బాడిశ ఆవిడ చేతిలో పెట్టారు.

ఈశ్వరరావు కరెంటు బ్లోయరు తేబోయాడు. ఆవిడ వద్దంది. మిషను గాలి తన మాట వినదట. అటక మీంచి పాత తోలు తిత్తి దింపించి, నూనె పట్టించి మెత్తబరిచింది. కొట్టు పక్కనున్న పాత కొలిమి తలుపులు రెండూ బార్లా తీయించింది. బొగ్గులు రాజుకున్నాక మేష్టారికేసి చూసి, తిత్తి పక్కనున్న పీట చూపించింది.

"ఆయన కూకునే సోటు అది. కూకో బాబూ. ఎలా లాగాలో నాను సెప్తాను."

మేష్టారు ఒక్క క్షణం ఆగారు. ముప్పై ఏళ్ళు పిల్లలకు వడ్రంగం నేర్పిన మనిషి, ఏ పనిముట్టు ఏ కాలంనాటిదో చూడగానే చెప్పగలవాడు. కానీ ఒక పనిముట్టు పుట్టే చోట ఏనాడూ కూర్చోలేదు. పంచె ఎగగట్టి పీట మీద కూర్చుని తాడు అందుకున్నారు. మొదట ఆత్రంగా లాగారు. "మెల్లగా. పసిబిడ్డకి ఊపిరాడినట్టు" అంది ఆవిడ. క్రమంగా చెయ్యి కుదిరింది.

వీధిలో ఆడవాళ్ళు ఒకరొకరే వచ్చి గుమ్మం నిండా నిలబడ్డారు. ఇనుము ఎర్రబడగానే పారమ్మ పట్టకారుతో దాగలి మీదకు తెచ్చి చిన్న సుత్తితో ఒక చోట తట్టింది. ఈశ్వరరావు సమ్మెట ఎత్తి అక్కడే కొట్టాడు. ఆవిడ తట్టిన చోటల్లా అతను కొట్టాడు. పదేళ్ళుగా వెల్డింగు కర్ర తప్ప ముట్టనివాడు, చెమటలు కారుతూ చిన్నపిల్లాడిలా నవ్వుతున్నాడు. ఊడిన అంచు సాగి కొత్త అంచు వచ్చింది. ఆవిడ దాన్ని నీటిలో ముంచి తీసి, మళ్ళీ సెగ చూపించి, అంచు మీదకు గోధుమరంగు పాకే దాకా కన్నార్పకుండా చూసింది. చటుక్కున మళ్ళీ ముంచింది. బుస్సుమంది. గుమ్మంలో ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. "ఓలమ్మ, పారమ్మత్త!" అని ఎవరో కేక వేశారు.

పిడి బిగించి, తుమ్మ మొద్దు మీద ఒక్క దెబ్బ వేసి చూశారు. చెక్క ఉల్లిపొరలా లేచి పక్కన పడింది. అంచు చెక్కు చెదరలేదు. పారమ్మ ఆ పొర తీసుకుని వెలుతురుకు పెట్టి చూసి, "ఇప్పుడు సరే" అంది. వెంటనే గుమ్మంలోంచి ఒకావిడ మొండిబారిన కొడవలి అందించింది. ఇంకొకావిడ కత్తిపీట తెచ్చింది. మేష్టారు ముఖమంతా మసితో, ఎవరూ చెప్పకుండానే మళ్ళీ గాలి పెట్టారు.

సన్యాసయ్యగారు అక్కడికి ఆపేశారు. ఇక చెప్పేలా లేరు. కూర్మారావు ఉండబట్టలేక, "తరవాత గురువుగారూ? మేష్టారు ఆ బాడిశ ఇంటికి తెచ్చేసుకున్నారా?" అని అడిగాడు.

"ఆ సంగతి అడగడం మరిచాను నాయనా" అన్నారు ఆయన. "నాకేమో బస్సు కంగారు. రెండు బస్సులు వెళ్ళిపోయాయి. ఆయన తిత్తి తాడు వదిలితేనా!"